అట్ట మీద ముసలావిడ

నా మొదటి నవల ఇంకా అచ్చులో ఉండగానే మా పక్కింటావిడకు కొత్త పేరు పడింది.

ఎనభైల మొదట్లో మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్లం. నేను రోజూ బస్సులో నందిగామ వెళ్లి బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. సెలవుల్లో ఒక జానపద నవల రాసి బెజవాడ పబ్లిషరుకు పంపితే ఆయన తీసుకున్నారు. పుస్తకం రాకముందే వారపత్రికలో ప్రకటన వేయించారు. 'మనుషుల నీడలు కత్తిరించి బొంతలు కుట్టే ముసలి మంత్రగత్తె! త్వరలో!' కింద నా పేరు, మా ఊరి పేరు.

ఆ వారమే అద్దె పుస్తకాల షాపాయన నన్ను ఆపాడు.

"మేడమ్, అప్పుడే చాలామంది అడుగుతున్నారండి. ఆ ముసలిది మీ పక్కింటి మిషనావిడేనంటగా?"

కాదని నవ్వేశాను. ఆ నవ్వుకు ఆయన ఏం అర్థం చెప్పుకున్నాడో మరి.

ఆవిడను నేను అత్తయ్యా అని పిలిచేదాన్ని. భర్త పోయాక కుట్టుమిషను మీదే బతుకుతున్న మనిషి. నా జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే. నిజం చెప్పాలంటే, నా మంత్రగత్తె కూడా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, పళ్లతో దారం తెంపుతుంది. అంతవరకు ఆవిడ దగ్గర తీసుకున్నదే. మిగతాదంతా కల్పన.

మా వీధి పిల్లలు ఆవిడను మంత్రగత్తె అంటూ, గుమ్మం ముందు నీడ పడకుండా పరుగెత్తడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు గుడ్డలిచ్చేవాళ్లు తగ్గారు. ఒక సాయంత్రం ఆవిడ మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, నా మీద ఏదో రాశావంటగా?"

"మీ మీద కాదత్తయ్యా. అది కథ. చివర్లో రాజకుమారుణ్ని కాపాడేది ఆ ముసలావిడే."

"ఆ ముక్క ఊళ్లోవాళ్లతో చెప్పు మరి."

చెప్పాను. బస్సులో చెప్పాను, వీధిలో చెప్పాను. "మీరట్టాగే అంటారులెండి" అని నవ్వారు.

ప్రకటన ఆపించుదామని బెజవాడ వెళ్లాను. పబ్లిషరు కాఫీ తెప్పించారు.

"పుస్తకం రాకముందే ఊరంతా మాట్లాడుకుంటున్నారంటే అదృష్టమండి!"

అట్ట కూడా చూపించారు. చేతిలో కత్తెర, ముక్కు మీద కళ్లద్దాలు. బొమ్మలాయన నేను రాసింది రాసినట్టే గీశాడు.

"ఇది మార్చండి" అన్నాను.

"ఇప్పుడెట్టా మారుస్తామండి? అచ్చయిపోయింది."

పుస్తకం వచ్చేలోపే అత్తయ్య మిషనుతో సహా మైలవరంలోని చెల్లెలింటికి వెళ్లిపోయింది. నాతో ఒక్క మాటా చెప్పలేదు. ఆదివారం పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లాను. మంచం వాల్చి కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది. చివరి ప్రకరణం చదివి వినిపించాను. చేతిలో గుడ్డ పక్కనపెట్టి శ్రద్ధగానే వింది.

"బాగుందమ్మా."

"మళ్లీ వచ్చెయ్యండత్తయ్యా. ఇప్పుడందరూ చదువుతారు."

ఆవిడ పుస్తకం తీసుకుని అట్ట కాసేపు చూసి, తిరిగి నా ఒళ్లో పెట్టింది.

"ఇది మాత్రం ఇక్కడ వదిలిపెట్టమాక. మా చెల్లెలి మనవళ్లకు చదవడం వచ్చు."

సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

నవల బాగానే అమ్ముడుపోయింది. రెండో ముద్రణకు అట్ట మార్చమని ఉత్తరం రాస్తే, జనం ఆ బొమ్మ చూసే కొంటున్నారని జవాబొచ్చింది. పక్కిల్లు కొన్నాళ్లు తాళంతో ఉండి, తర్వాత ఎరువుల కొట్టువాళ్ల గోడౌనయింది.