ఆకుపచ్చ దారం కట్టిన కెమెరా

అది 2000 సంవత్సరం. బ్రిస్బేన్‌లోని సన్నీబ్యాంక్‌లో మాకు చిన్న కొట్టు ఉండేది. ఒక పక్క చైనావాళ్ళ కూరగాయల అంగడి, ఇంకో పక్క నూడుల్స్ హోటలు. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే ఆగాలి. అంత జాగాలోనే మా ఆయన మస్తాన్ కెమెరాలు, గడియారాలు బాగుచేసేవాడు. తెనాలిలో వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. పక్కన కూర్చుని స్క్రూలు అందిస్తూ అందిస్తూ నేనూ నేర్చుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళితే కొట్టు నా చేతిలో ఉండేది.

అంతకు ముందు రెండు మూడేళ్ళలో మనవాళ్ళు చాలామంది వై టూ కే పని మీద ఈ ఊరు వచ్చారు. కంప్యూటర్లలో సంవత్సరం అంకెలు సరిచేసే పని అని చెప్పేవారు. కొత్త సంవత్సరం ఏ గొడవా లేకుండా వచ్చేసింది, చాలామందికి ఆ పని అయిపోయింది. కొందరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. కొందరు ఖాళీగా ఉండి, ఆదివారం సంతల్లో పాత కెమెరాలు కొనుక్కుని మా దగ్గరకు తెచ్చేవాళ్ళు. "బ్యాటరీ వేసినా లేవట్లేదు ఆంటీ" అనేదే ఎక్కువమంది ఫిర్యాదు.

ఆ పాత కెమెరాల్లో బ్యాటరీ ఉండేది వెలుతురు కొలవడానికి. లోపలి లైట్ మీటర్ వెలుతురును బట్టి ఒక సన్నని ముల్లును లేపుతుంది. పైనున్న చిన్న కిటికీలో ఆ ముల్లును చూస్తూ రింగు తిప్పి, అది గీత దగ్గరకు వచ్చాక ఫొటో తియ్యాలి. వీటికి మొదట్లో మెర్క్యురీ సెల్ వేసేవారు. పాదరసం విషమని తర్వాత అమ్మడం మానేశారు. దాని బదులు మేము చెవిటి మిషన్లలో వాడే జింక్ ఎయిర్ సెల్ వేసేవాళ్ళం. దాని మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. అది పీకితే సెల్ గాలి పీల్చుకుని పని మొదలుపెడుతుంది. ఇక దాన్ని ఆపలేం. రెండు మూడు నెలల్లో అయిపోతుంది.

అప్పటికి నాకు అక్షరాలు రావు. పేర్లు రాసిన చీటీలు మా ఆయన కడితే నాకు అవి గీతల్లాగే ఉండేవి. అందుకని నా దగ్గరకు వచ్చిన ప్రతి కెమెరాకూ ఒక రంగు దారం కట్టేదాన్ని. అందులోంచి తీసిన పాత సామాను ఏదైనా ఉంటే ఖాళీ ఫిల్మ్ డబ్బీలో వేసి, డబ్బీకి కూడా అదే రంగు దారం చుట్టేదాన్ని.

పద్మజ మొదటిసారి వచ్చింది ఒక శుక్రవారం, చలి మొదలయ్యే రోజుల్లో. ముప్పై దాటిన మనిషి, చీరాల వైపు మాట. చేతిసంచిలోంచి తువ్వాలు చుట్టిన కెమెరా తీసి బల్ల మీద పెట్టింది.

"మా తమ్ముడిది ఆంటీ. ముల్లు లేవట్లేదు."

"ఫిల్మ్ రోలు ఉందామ్మా లోపల?"

"లేదు. తీసి కడిగించేశాం."

అడుగు మూత విప్పాను. సెల్ కూర్చునే చోట రేకు మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. అంతకు ముందెప్పుడో వేసిన సెల్ కారితే వచ్చిన చిలుము అది. ఆ రేకును కాంటాక్ట్ అంటాం. సెల్‌లోని కరెంటు దాని మీదుగానే లోపలికి వెళ్ళాలి. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి తుడిచి, రబ్బరుతో రుద్దాను. లోపలున్నది పాత మెర్క్యురీ సెల్లే. పాత సెల్‌ను అలవాటు కొద్దీ కరెంటు కొలిచే మల్టీమీటర్ మీద పెట్టి చూశాను. ఇంకా ప్రాణం ఉంది. అయినా పాతది కదా అని తీసి డబ్బీలో వేసి, చేతికి దొరికిన ఆకుపచ్చ దారం చుట్టాను. కొత్త సెల్ వేశాను. ముల్లు చక్కగా లేచి నిలబడింది.

"చూడమ్మా, కెమెరాలో ఏ లోపమూ లేదు. కాస్త మురికి, అంతే. మీ తమ్ముడికి చెప్పు, బంగారంలాంటి కెమెరా."

మామూలుగా ఆ మాట వింటే ఎవరి మొహమైనా విప్పారుతుంది. పద్మజ మాత్రం ముల్లు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏ లోపమూ లేదా?" అంది.

"లేదమ్మా."

డబ్బులిచ్చి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. సెల్ అయిపోయింది. ఇంత తొందరగా అవ్వకూడదు. లోపల ఎక్కడైనా కరెంటు ఊరికే కారిపోతోందేమోనని వైర్లన్నీ చూశాను. మల్టీమీటర్ పెట్టి, లెన్స్ మీద అరచెయ్యి మూసి కొలిచాను. ఎక్కడా కారడం లేదు.

"నిఖార్సుగా ఉందమ్మా."

"సరిగ్గా చూడండి ఆంటీ. ఎక్కడో లీక్ ఉంది. ఉండాలి."

ఆ "ఉండాలి" నాకు వింతగా తోచింది. ఇంటికెళ్ళి మా ఆయనతో అంటే నవ్వాడు.

"లోపం కావాలంటే నన్ను చూపించు మీరాబీ. నాలో నీకు రోజూ బోలెడు దొరుకుతాయిగా."

"నిన్ను బాగుచెయ్యడం నా వల్ల కాదని ఆ అమ్మాయికి కూడా చెప్పమంటావా?"

మూడోసారి వచ్చినప్పుడు కెమెరా విప్పకుండా ఆలోచించాను. ఇలాంటి కెమెరాలకు స్విచ్ ఉండదు. లెన్స్ మీద వెలుతురు పడినంతసేపూ మీటర్ సెల్‌ను తాగుతూనే ఉంటుంది. అందుకే లెన్స్ క్యాప్, అంటే ముందుండే మూత, పెట్టి ఉంచాలి. ఆమె తెచ్చిన మూడుసార్లూ కెమెరాకు మూత లేదు.

"మూత పెడుతున్నావా పద్మజా?" అని అడిగాను, మామూలుగానే.

ఆమె మొహం పాలిపోయింది. కెమెరా బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది. వెనకే పిలుస్తూ వెళ్ళాను. కూరగాయల అంగడి ముందున్న జనంలో కనపడలేదు.

రెండు వారాలు చూశాను, రాలేదు. మొదటిసారి పద్మజే రాసిచ్చిన చీటీలోని అడ్రసు మా ఆయన చదివి, నన్ను బస్సు ఎక్కించాడు. తలుపు తీసింది ఐదారేళ్ళ పాప. నా చేతిలోని కెమెరా చూడగానే, "దట్స్ మామయ్యాస్. యూ కాంట్ టచ్ ఇట్" అంది. వెనకనుంచి పద్మజ వచ్చి, "లోపలికి రండి ఆంటీ" అంది.

హాల్లో కిటికీ పక్కన ఒక షెల్ఫ్ ఉంది. దాని మీద ఒక కుర్రాడి ఫొటో. వీసాకు తీయించుకున్న ఫొటో కాబోలు, రెండు చెవులూ కనపడేలా బిగుసుకుని చూస్తున్నాడు. పెద్దది చేయించడం వల్ల మొహం కాస్త మసకబారింది. చుట్టూ దండ. ముందు ప్రమిదలో దీపం. దీపం పక్కన, కెమెరా పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

నేను నిలబడిపోయాను. "మీ తమ్ముడికి చెప్పు" అని ఎంత తేలిగ్గా అనేశాను!

పద్మజ నా చేతిలోంచి కెమెరా తీసుకుని ఆ ఖాళీలో పెట్టింది. లెన్స్ దీపం వైపుకు తిప్పింది. కెమెరా పైనున్న చిన్న కిటికీలో ముల్లు కోసం చూసింది. సెల్ అయిపోయింది కదా, కదల్లేదు.

"ఏడాది తిరిగేదాకా దీపం కొండెక్కనివ్వను ఆంటీ. దీపం వెలుగుకి ముల్లు కొంచెం లేస్తుంది. వాడు చూస్తున్నట్టుంటుంది. మూత ఎలా పెట్టను?"

పగలు కిటికీ ఎండ, రాత్రి దీపం. మీటరుకు ఒక్క క్షణం విశ్రాంతి లేదు. పైగా దీపం సెగకు ఆ గాలి సెల్ ఎండిపోతుంది. నెల రోజులు రావడమే ఎక్కువ. నేను వెతికిన లీక్ ఇదీ. కానీ ఆమె వెతుకుతున్నది వేరే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"న్యూ ఇయర్ అయ్యాక వాడి కాంట్రాక్ట్ అయిపోయింది. సముద్రానికి పోదాం అక్కా అన్నాడు. వాడు ఎప్పుడూ చెప్పేవాడు ఆంటీ, మూత పెట్టక్కా, లేకపోతే బ్యాటరీ తాగేస్తదని. ఆ రోజు కార్లో కెమెరా నా ఒళ్ళో ఉంది. మూత ఇంట్లోనే మర్చిపోయాను. దారంతా ఎండ. వాడికి చెప్తే తిడతాడని చెప్పలేదు. అక్కడికెళ్ళాక వాడు రాళ్ళ మీదకెక్కి నిలబడ్డాడు. అక్కా, ముల్లు గీత మీదకొచ్చాక నొక్కు అన్నాడు. నేను వంచిన తల ఎత్తకుండా రింగు తిప్పుతూనే ఉన్నాను. ముల్లు లేవలేదు. ఏంటక్కా, సాయంత్రం అయిపోద్ది అని నవ్వాడు. నేను ఇంకా తిప్పుతున్నాను. తలెత్తేసరికి రాయి మీద ఎవరూ లేరు. పెద్ద అల వచ్చిందంట. నేను అల కూడా చూళ్ళేదు."

పాప వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుంది. పద్మజ దాని జుట్టు సవరిస్తూ అంది. "కెమెరాలో లీక్ ఉంటే అది కెమెరా తప్పు. లేకపోతే మూత పెట్టని నా తప్పు. మీరు ప్రతిసారీ ఏ లోపమూ లేదన్నారు."

నాకు మొదటి శుక్రవారం గుర్తొచ్చింది. మల్టీమీటర్ మీద పెట్టిన ఆ పాత సెల్ గుర్తొచ్చింది.

"పద్మజా, ఆ రోజు సెల్ అయిపోలేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నారు."

"ఆ సెల్ ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చి నీ కళ్ళతో చూడు."

మర్నాడే కెమెరా పట్టుకుని వచ్చింది. మా ఆయన కుర్చీ ఇచ్చి, టీ తెస్తానని బయటికెళ్ళాడు. ఆకుపచ్చ దారం చుట్టిన డబ్బీ తీసి, సెల్‌ను ఆమె ముందే మల్టీమీటర్ మీద పెట్టాను. మెర్క్యురీది కాబట్టి, ఇన్ని నెలలు డబ్బీలో పడి ఉన్నా అది సరైన అంకె దగ్గరే నిలబడింది. ఆమె మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. తర్వాత తనే తీసుకుని పెట్టి చూసింది.

"మూత లేకపోవడం వల్ల కాదమ్మా. దీపం ముందు రాత్రీపగలూ పెడితేనే నెల వచ్చింది. ఒక్క పూట కారు ప్రయాణానికి సెల్ చావదు. సెల్ బాగుంది, కాంటాక్ట్ మీద చిలుము పట్టి కరెంటు లోపలికి వెళ్ళలేదు. ఆ తెల్లపొడి నేను తుడవడం నువ్వే చూశావు. అది ఒక్కరోజులో పుట్టేది కాదు. మీ తమ్ముడి చేతికి వచ్చేటప్పటికే ఉండి ఉంటుంది."

"మరి వాడికి ఎలా లేచేది?"

నేను కెమెరా అడుగున సెల్ ఉండే చోట వేలితో రెండుసార్లు తట్టి చూపించాను. "చిలుము పట్టినవి ఇలా తడితే కాసేపు అంటుకుంటాయి. ఇలా ఏమైనా చేసేవాడా?"

పద్మజ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రతిసారీ ఆంటీ. ప్రతిసారీ అలాగే కొట్టేవాడు. అది వాడి పిచ్చి అలవాటనుకున్నాను. టేబుల్ మీద కూడా ఊరికే దరువు వేస్తుంటాడు కదా, అదే అనుకున్నాను." సెల్ వైపు చూసి అంది. "ఒక్కసారి తట్టి ఉంటే ముల్లు లేచేది. నేను తలెత్తేదాన్ని."

ఒక ముల్లు తీశాననుకునేలోపే ఇంకోటి దిగింది. మా ఆయన టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

ఆమె టీ తాగింది. సంచిలోంచి మూత తీసింది. అన్ని నెలలూ దాన్ని సంచిలోనే పెట్టుకుని తిరుగుతోంది. "కొత్త సెల్ వద్దు ఆంటీ" అని, కెమెరా అడుగున రెండుసార్లు తట్టి, మూత తనే పెట్టి, తువ్వాలులో చుట్టుకుంది.

తర్వాత శుక్రవారాలు ఊరికే వచ్చి కూర్చునేది. కెమెరా ఊసు ఎత్తేది కాదు. ఆ దారాలు ఎందుకని ఒకరోజు అడిగింది. అక్షరాలు రావని చెప్పాను. మరుసటి వారం తన కూతురి పలక తెచ్చి నా ముందు పెట్టింది. యాభై దాటిన నా చేత అ ఆలు దిద్దించింది పద్మజే.

పాత వస్తువును వాడిన చేతికి దాని గుట్టు తెలుస్తుంది. తనకు తెలుసన్న సంగతి ఆ చేతికే తెలియదు, అందుకే అది నోటిదాకా రాదు. ఆ చెయ్యి పోతే సంగతీ దానితోనే పోతుంది. అందుకని ఇప్పటికీ ఏ కెమెరా వచ్చినా, విప్పే ముందు "దీన్ని వాడినవాళ్ళు ఎలా పట్టుకునేవారు, ఏం చేసేవారు?" అని అడుగుతాను. లోపం లేదన్న మాట ఎవరితోనూ తొందరపడి అనను. తిరిగి ఇచ్చేటప్పుడు దాని అలవాట్లన్నీ చీటీ మీద రాసి కడతాను. తెలుగు రానివాళ్ళకు మా మనవరాలు ఇంగ్లీషులో రాసిపెడుతుంది.

నా చేత్తో మొదటిసారి రాసిన చీటీ ఒక యూనివర్సిటీ కుర్రాడి కెమెరాది. చీరాలవాడే. ఎంత తుడిచినా దాని చిలుము పూర్తిగా పోలేదు. "ముల్లు లేవకపోతే అడుగున తట్టాలి. పక్కవాళ్ళకు ఇచ్చినప్పుడు చెప్పాలి" అని రాయడానికి ఆ శుక్రవారమంతా పట్టింది. పద్మజ చదివింది. నా డబ్బాలోంచి ఆకుపచ్చ దారం తీసి, ఆ చీటీని కెమెరాకు తనే కట్టింది.