కల్లంలో ఎరుపు

మా బావకి నరసరావుపేటలో ఫోటో స్టూడియో ఉంది. ఏ ఫోటో తీసినా వెంటనే తెరలోకి చూసుకుని "ఛీ" అనడం ఆయన అలవాటు. తను తీసిన ఫోటోలంటే తనకే అంత రోత ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు మా అత్త, అంటే వాళ్లమ్మ, కల్లం నిండా మిరపకాయలు ఆరబోసింది. గట్టెక్కి చూస్తే కళ్లు చెదిరే ఎరుపు. ఘాటుకి కన్నీళ్లు కారుతున్నా చూపు తిప్పుకోబుద్ధి కాదు. బావ పొద్దుటినుంచీ ఆ ఎరుపు వెంట పడ్డాడు. ట్రాక్టరెక్కి తీశాడు, బోర్లా పడుకుని తీశాడు.

"ఛీ! ఇటుక పొడిలా వస్తోందిరా. కంటికి కనపడేది ఇందులో పడి చావట్లేదు."

మధ్యాహ్నం మందు కొట్టే స్ప్రేయర్ నిండా నీళ్లు తెచ్చి, మెరుస్తాయని కాయల మీద కొట్టాడు. రేపోమాపో టిక్కీ బస్తాలకెత్తి మిర్చి యార్డుకి తోలాల్సిన కాయలవి. కెమెరా అందుకునేసరికి అత్త పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, ఎండిన కాయకి నీళ్లేంట్రా! బూజు పడతాయి, ఆపరా!"

బావ ఫోటో నొక్కాడు. తెరలోకి చూసుకున్నాడు. మొదటిసారి ఛీ అనలేదు.

తడిసిన కాయలన్నీ నల్లబడ్డాయి. అత్త వాటిని తాలుకాయల్లో కలిపి వచ్చినకాడికి అమ్ముకుంది. ఫోటో మాత్రం స్టూడియో గోడంతా ఉంది. అందులో ఎర్రటి మెరుపు మధ్య అత్త చెయ్యెత్తి, నోరు తెరిచి ఉంటుంది.

"పంట చూసుకుని ఎంత మురిసిపోతోందండీ!" అంటారు వచ్చినవాళ్లు.

బావ నవ్వి తలూపుతాడు. ఆయన మానేసిన ఆ ఛీ, అప్పుడు నా నోట్లోంచి వస్తుంది.