నేనడిగిన వాన

ఎండాకాలంలో చినుకులు పడి మట్టి వాసన లేస్తే అందరికీ హాయి. నాకు మాత్రం ఇప్పటికీ తల వంగిపోతుంది.

అరవైల నాటి మాట. కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున అమ్మ ఉప్పు మళ్లలో పనిచేసేది. మధ్యాహ్నం నేను ఆమెకు గంజి తీసుకెళ్లేదాన్ని. కాలే ఇసుకలో నా అరికాళ్లు బొబ్బలెక్కేవి. నమ్మి అడిగితే దేవుడు ఏదైనా ఇస్తాడని చర్చిలో అయ్యగారు చెప్పారు. ఆ రాత్రే మోకరించి వాన కావాలని అడిగాను.

మర్నాడు కుండపోతగా కురిసింది. సంబరంగా మళ్ల దగ్గరికి పరిగెత్తాను. అక్కడ ఎన్నాళ్లుగానో పోగుచేసిన ఉప్పు కుప్పలు కరిగిపోయాయి. ఆడవాళ్లు గట్టు మీద కూలబడి ఏడుస్తున్నారు. ఆ ఉప్పు బండ్లకెక్కితేనే మా ఇళ్లకు బియ్యం వచ్చేది.

"అమ్మా, వాన అడిగింది నేనే," అన్నాను వెక్కుతూ.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. "నీ ఒక్కదాని మాటకే కురిసిందా పాపా? ఊరందరి గోడూ ఆయనకి తెలుసు. ఉప్పు పోయింది గానీ, ఆయన యాడికీ పోలేదు గదా!"

ఆ బురదలోనే నిలబడి, కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది. నా కాళ్ల మంట తప్ప ఇంకేమీ తలచుకోని నా ప్రార్థన గుర్తొచ్చింది. అమ్మ పక్కన నిలబడి ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు.