సింగపూరులో ఇద్దరి తరఫునా ఇచ్చిన టిప్పు

మా తోడల్లుడు పిసినారి అని మా అత్తవారి వైపు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ పేరు పెట్టింది నేను. అది అబద్ధం.

ఎనభైల మధ్యలో నాకు జగ్గయ్యపేటలో, అతనికి నందిగామలో పురుగుమందుల కొట్లుండేవి. చుట్టుపక్కలంతా పత్తి, మిరప. చేలకి పురుగు పడితే మాకు బేరాలు. అలా బాగా అమ్ముడుపోయిన ఒక ఏడాది, మందుల కంపెనీ కొంతమంది డీలర్లను సింగపూరు తీసుకెళ్ళింది. నేను పెద్దల్లుణ్ణి, కొట్టూ నాదే పెద్దది. కానీ ఆ ఏడు అమ్మకాల్లో అతనే ముందున్నాడు. విమానం ఎక్కకముందే నాకు కడుపుమంట మొదలైంది.

మైలవరంలో మా అత్తవారింట ఒక పద్ధతి ఉండేది. దసరాకి అల్లుళ్ళు వెళ్తే పనివాళ్ళకి, చాకలికి, పాలేళ్ళకి మామూళ్ళివ్వాలి. ఆ డబ్బు పెద్దల్లుడి చేతి మీదుగానే వెళ్ళాలి. చిన్నల్లుడు తన వంతు ముందే తెచ్చి పెద్దల్లుడికి ఇచ్చేస్తాడు. ఆ సంగతి అందరికీ తెలుసు కనక పుచ్చుకున్నవాళ్ళు ఇద్దరికీ దణ్ణం పెట్టేవాళ్ళు.

సింగపూరు హోటల్లో మా ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. దిగిన సాయంత్రమే అతను కొన్ని డాలర్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇక్కడ ఎవరికి ఎంతివ్వాలో నాకు తెలీదండి అన్నయ్యగారూ. మైలవరంలో లాగే ఇద్దరి తరఫునా మీరే ఇచ్చెయ్యండి."

తీసుకున్నాను. పెట్టెలు మోసినవాడికి, పక్కలు సర్దే ఆవిడకి, భోజనాల దగ్గర వడ్డించే తమిళాయనకి ఇచ్చాను. వాళ్ళు వంగి థాంక్యూ అన్నారు. ఇందులో సగం ఇతనిది అని ఎవరికీ చెప్పలేదు. ఆపాటి ఇంగ్లీషు నాకు వచ్చు. తోటి డీలర్లు చూస్తుండగా నోటు తీసి ఇవ్వడంలో ఒక దర్జా ఉంది. దాన్ని పంచుకోబుద్ధి కాలేదు.

అయినా ఆ హోటలు పనివాళ్ళంతా అతని చుట్టే తిరిగేవాళ్ళు. తమిళాయనతో అతను తెలుగులోనే మాట్లాడేవాడు. కూర్చోగానే నోటి దగ్గర చెయ్యి పెట్టి నువ్వు తిన్నావా అని అడిగేవాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా ఆయనకీ చాపేవాడు. ఆ హోటల్లో పెరుగు లేక మేమంతా అల్లాడుతుంటే, ఒక మధ్యాహ్నం ఆ తమిళాయన ఎక్కడి నుంచో గిన్నెడు పెరుగు తెచ్చి అతని ముందు పెట్టాడు. రోజూ నోటు ఇస్తున్న చెయ్యి నాది. ఆయన నా వైపు చూడను కూడా లేదు. అతను అందులో సగం నా పళ్ళెంలో వెయ్యబోతే, కడుపులో బాగాలేదని లేచి వెళ్ళిపోయాను. వీళ్ళ మీద ఏ మందు కొట్టాడో అని గదిలో పడుకుని ఉడికిపోయాను.

తిరిగొచ్చాక మైలవరంలో మామయ్యగారు భోజనానికి పిలిచారు. ప్రయాణం విశేషాలన్నీ అతన్నే అడుగుతున్నారు. అతను చెబుతుంటే మామయ్యగారు చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి వింటున్నారు. పెరుగు సంగతి రాగానే నేనుండలేకపోయాను.

"ఊరికే పోయించుకున్నాడండి మామయ్యగారూ. ఉన్నన్నాళ్ళూ జేబులో చెయ్యి పెడితే ఒట్టు. టిప్పులన్నీ నా నెత్తినే పడ్డాయి."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, నా మొహంలోకి చూశాడు. మామయ్యగారు నవ్వు ఆపి, "నిజమేనా పెద్దల్లుడుగారూ, వేళాకోళమా?" అన్నారు. సరదాకి అన్నానని అప్పుడైనా తప్పుకోవచ్చు.

"నేనెందుకు అబద్ధం చెబుతానండి," అన్నాను.

ఆ తర్వాతి దసరాకి అతను తన వంతు నాకివ్వలేదు. పెరట్లోకి వెళ్ళి పనివాళ్ళకి తనే ఇచ్చుకున్నాడు. పరువు పోయింది కాబట్టి ఇప్పుడు డబ్బు విదిలిస్తున్నాడని ఇంట్లోవాళ్ళు గుసగుసలాడారు. నేను విని ఊరుకున్నాను. పనివాళ్ళు ముందు అతని దగ్గరికే వెళ్ళారని, దానికీ ఏడ్చాను.

ఈమధ్య ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఆ రోజు ఎందుకు కాదనలేదని అడిగాను. ఏ రోజు అని అతను అడగలేదు.

"అందరిముందూ మిమ్మల్ని అబద్ధాలకోరు అనాలి కదండీ. మీరే చెబుతారని చూశా. తర్వాత నేను చెప్పినా ఎవరు నమ్ముతారు?"

మామయ్యగారు నా మాటే నమ్మి పోయారు. ఇక ఆయనకి చెప్పలేను. మిగిలినవాళ్ళకి చెబుతున్నాను: నేనిచ్చిన ప్రతి టిప్పులో సగం అతని డబ్బు. ఇది చదివాక అతన్ని ఇంకాస్త నెత్తిన పెట్టుకుంటారు. అదీ నాకు కష్టంగానే ఉంది.