నంబర్లు లేని నాలుగు మేకులు

మొన్న స్వాతంత్ర్య దినోత్సవానికి మా అబ్బాయి తాను పనిచేసే ఫ్యాక్టరీకి నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. మిలిటరీలో చేసి వచ్చి అక్కడ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు ఆరోజు సన్మానం. శాలువాలూ బొకేలూ మామూలే గానీ, నన్ను ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. నెల ముందే ఒక ఆఫీసరమ్మాయి వాళ్ళలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, ఏది చేస్తే సంతోషం, ఏది చేయకుండా ఉంటే మేలు అని అడిగి కాగితం మీద రాసుకుందట. ఒకాయన టపాసులు వద్దన్నాడట. ఇంకొకాయన, తన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచితే చాలన్నాడట. ఎందుకని ఎవరూ గుచ్చి అడగలేదు, కుర్చీ మాత్రం వేశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను ఆ ఖాళీ కుర్చీనే చూస్తూ కూర్చున్నాను.

గుంతకల్లు దగ్గర చెనక్కాయల నూనె మిల్లులో నేను టైమాఫీసు గుమాస్తాగా చేరిన కొత్తల్లో, మా గేటుకు కాపలాగా ఒక రిటైరైన హవల్దారు ఉండేవాడు. ఊరు కుందుర్పి. పింఛను పుచ్చుకుని సేద్యం చేసుకుందామని ఊరికి వస్తే వరుసగా మూడేళ్ళు వాన మొహం చాటేసిందట, నాలుగో ఏడు నాగలి అటక మీద పెట్టి మా మిల్లుకు వచ్చాడు. మాట తక్కువ మనిషి. ఎండాకాలం గాలికి ఎర్రదుమ్ము లేచి మేమంతా మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకుని తిరుగుతుంటే, ఆయన మాత్రం గేటు పక్కన నిలువునా నిలబడి ఉండేవాడు.

మన వయసువాళ్ళకు బిళ్ళల బోర్డు గుర్తుండే ఉంటుంది. చెక్కబోర్డు మీద వరసగా మేకులు, మేకు పైన నంబరు, మేకుకు ఇత్తడి బిళ్ళ. పనిలోకి వచ్చేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని, సాయంత్రం పోయేటప్పుడు మళ్ళీ తగిలించి పోవాలి. మేకు బోసిగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. గేటు మూసేముందు బోర్డు చూసుకోవడం హవల్దారు పెద్దాయన పని. ఆయన వచ్చిన కొద్దిరోజులకే బోర్డు చివర నంబర్లు లేని మేకులు నాలుగు వెలిశాయి, ఆయనే కొట్టుకున్నాడు. వాటికి ఏ బిళ్ళా లేదు. సాయంత్రం అందరి బిళ్ళలూ చేరాక ఆ నాలుగింటి ముందు కాసేపు నిలబడేవాడు, పెదాలు కదిలేవి, తర్వాత గేటు మూసేవాడు. చాదస్తమనుకుని నవ్వుకునేవాళ్ళం. ఏమిటని ఒక్కరం కూడా అడగలేదు, మన కాలంలో పెద్దవాళ్ళను అలా అడిగేవాళ్ళం కాదు కదా, అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఆయనకు సన్మానం చేద్దామన్న ఆలోచన నాదే. అప్పట్లో నాకు ఉత్సాహం ఎక్కువ, మేనేజరు కంట్లో పడాలన్న యావ ఇంకా ఎక్కువ. ఆగస్టు పదిహేనుకు యజమాని వస్తున్నాడు, బిళ్ళల బోర్డు ముందు హవల్దారును నిలబెట్టి శాలువా కప్పించి ఫొటో తీయిద్దామన్నాను. మేనేజరు భుజం తట్టాడు. పండుగ ముందురోజు ఆయన సెలవు పెట్టడం చూసి, ఆశ్చర్యపరుద్దామని బోర్డుకు నీలం రంగు వేయించాను. నంబర్లు కొత్తగా రాయించాను. చివర ఉన్న ఆ నాలుగు మేకులూ వరస చెడగొడుతున్నాయని నా చేతులతో నేనే పటకారు పెట్టి పీకి, బొక్కలకు లప్పం పెట్టి, పైన రంగు పులిమి, మేకులు చెత్తలోకి విసిరేశాను. ఒకటి మొండికేసింది. పాదం గోడకు తన్నిపెట్టి మరీ లాగాను.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. శాలువా కప్పాక ఫొటో కోసం బోర్డు వైపు తిరిగిన మనిషి అలాగే ఆగిపోయాడు. బోర్డు చివర వేలితో తడిమాడు. ఆరని నీలం రంగు వేలికి అంటింది.

"ఈడ మేకులుండె గదప్పా?" అన్నాడు నాతో, మెల్లగా.

"అవి యాటికీ పనికిరావని నేనే పీకేసినా అన్నా. సూడు, బోర్డు ఎట్ల మెరుస్తాండాదో!" అన్నాను నేను, మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చితికిపోతాను.

ఆయన "మంచిదప్పా" అని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం మొదటిసారి, చివరి బిళ్ళ పడగానే ఆగకుండా గేటు మూసేశాడు. మర్నాడు పొద్దున నా బల్ల మీద తాళాల గుత్తీ, విజిలూ, మడత నలగని శాలువా ఉన్నాయి. మనిషి లేడు.

వారం చూసి కుందుర్పి బస్సెక్కాను. ఆయన గొర్రెల వెంట పోయాడట, గడప దగ్గర ఆయన భార్య చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. మిల్లు నుంచి వచ్చానంటే చెంబుతో నీళ్ళిచ్చి, తనంతట తానే చెప్పింది.

"నలుగురు సిపాయి పిల్లోల్లప్పా. మంచుకొండల్లోంచి దిగొచ్చేటప్పుడు మనుషుల్ని లెక్కబెట్టేది ఈయప్ప పనంట. అందరూ వచ్చినారని చెప్పినాడంట. ఆ నలుగురు రాలా. మీ మిల్లులో వాళ్ళకూ మేకులు కొట్టుకున్నాడు. దినామూ వాళ్ళ పేర్లు పిల్చి వస్తాండె, ఇంటికొచ్చి నిద్రపోతాండె. ఎవురో అవి పీకేసినారంట. ఇంగ ఆ పిల్లోల్లు ఈడికే వస్తాండారప్పా. మాపటేళకు తలుపు మూయనీడు."

ఎవురో అంది. నా పేరు ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తెరిచి ఉన్న ఆ తలుపు చూడలేక, ఆయన వచ్చేదాకా ఉండకుండా తిరుగు బస్సుకు వచ్చేశాను. నా జన్మలో చేసిన అన్నిటికన్నా పిరికి పని అది. మర్నాడే కొత్త మేకులు నాలుగు తెచ్చి, అదే చోట లప్పం పగలగొట్టి కొట్టాను. రమ్మని కబురు పంపాను, రెండుసార్లు పంపాను. రాలేదు. ఆ పై ఏడాది పోయాడని తెలిసింది.

మిల్లు మూతపడిన రోజున అందరూ తమ తమ బిళ్ళలు గుర్తుగా తీసుకుపోయారు. నేను ఆ నాలుగు మేకులూ తెచ్చుకుని మా ఇంటి తలుపు పక్కన కొట్టుకున్నాను. మాపటేళ తలుపు వేయబోతే ఇంకా ఎవరో రావాల్సి ఉందనిపిస్తుంది, చెయ్యి గడియ మీదే ఆగిపోతుంది. నలుగురు కాదు, పెద్దాయనతో కలిపి నాకు ఐదుగురు. ఆ నలుగురి పేర్లు నాకు తెలియవు కనుక పిలవడానికీ లేదు.

ఇప్పుడు మా అబ్బాయి ఫ్యాక్టరీలో బోర్డూ లేదు, బిళ్ళా లేదు. వేలు పెడితే మిషనే లెక్క చూసుకుంటుంది, గేటు దానంతటదే మూసుకుంటుంది. యంత్రాల సంగతి ఎలా ఉన్నా, ఆ ఆఫీసరమ్మాయి కాగితం లాంటిది ఆ రోజు నా చేతిలో ఒకటి ఉండి ఉంటే అనిపిస్తుంది. కాగితం కూడా అక్కర్లేదు, నోరు ఉంటే సరిపోయేది.

మొన్న ఆ సన్మానం చూసి ఇంటికి రాగానే కోడలు నా కండువా తగిలించబోయి, మేకుల ముందు చెయ్యి ఆపి, "మామా, వీటికి ఎప్పుడూ ఏమీ తగిలించనీరు. ఇవి ఎవురివి?" అని అడిగింది.

ఆమెను కూర్చోమని, చెప్పడం మొదలుపెట్టాను.