కొత్తది కొనమని చెప్పని ఖాదర్ గారు

మెట్లెక్కుతుండగానే ముందు దుమ్ము ఊదే బ్లోయరు హోరు వినిపిస్తుంది. కాసేపటికి అది ఆగుతుంది. ఆగిన చోట, వాన వెలిశాక చూరు నుంచి రాలే ఆఖరి చినుకులా, ఒక్క "ఛీ" పడుతుంది. ఆ తర్వాతే దుమ్ములోంచి మనిషి తేలతారు. నెరిసిన గడ్డం, ముక్కు మీద ఒకటి, నుదుటి మీద ఒకటి కళ్ళజోళ్ళు, చేతిలో స్క్రూడ్రైవరు. తెనాలిలో కూరగాయల సందు వెనక మేడ మీద కంప్యూటర్లు బాగుచేసే అబ్దుల్ ఖాదర్ గారు ఆయనే. ఇరవై ఏడేళ్ళలో ఆయన ఒక్కరికంటే ఒక్కరికి కూడా "ఇది పోయింది, కొత్తది కొనుక్కో" అని చెప్పిన పాపాన పోలేదు. ఎవరైనా ఆ మాట వాళ్ళంతట వాళ్ళే అంటే, వాళ్ళు మెట్లు దిగేదాకా తిట్లు వెంట వెళ్ళేవి.

ఆ "ఛీ" కంప్యూటర్‌ని కాదు, దాన్ని తెచ్చినవాళ్ళని. యంత్రాన్ని ఆయన ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఒకసారి బాపట్ల నుంచి కృష్ణచైతన్య అనే కుర్రాడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

"బాగా స్లో అయిపోయిందండి. కొత్తది తీసుకుందామని, ఓసారి మీకు చూపించి..."

"ఎవరు స్లో?"

"ఇదేనండి."

"నువ్వేం చదువుతున్నావ్?"

"డిగ్రీ అండి."

"ఎన్నేళ్ళ నుంచి?"

కుర్రాడు గోడ వైపు చూశాడు. "ఐదేళ్ళ నుంచండి."

"మూడేళ్ళ డిగ్రీ ఐదేళ్ళు చదివేవాడివి, నువ్వు దీన్ని స్లో అంటావా? మీ నాన్న నిన్ను మార్చేసి కొత్తవాణ్ణి తెచ్చుకున్నాడా?"

సూర్యలంక నుంచి ఒక రిసార్టు మేనేజరు వచ్చాడు. సముద్రపు గాలికి ఆయన కంప్యూటర్ లోపలంతా చిలుం పట్టింది. ఖాదర్ గారు మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేశారు.

"ఇది కంప్యూటరా, ఉప్పుచేపా? వంకాయ వేసి పులుసు పెట్టుకోక నా దగ్గరికెందుకు తెచ్చావ్?"

"పారేసి కొత్తది కొందామంటే మా ఓనరు ఒప్పుకోవడం లేదండి."

"మీ ఓనరు మనిషి. నువ్వే ఏంటో తెలీడం లేదు."

మూడు రోజులు పళ్ళు తోముకునే బ్రష్షుతో దాన్ని తోమారు. ఈనాటికీ ఆ రిసార్టులో గదులన్నీ అందులోనే బుక్కవుతున్నాయి.

ఇంట్లోనూ అదే మతం. వాళ్ళ మిక్సీకి మోటారు మూడోది, జారు నాలుగోది, మూత ఇంకెవరి మిక్సీదో. ఆయన భార్య నూర్ బీ పైకి టీ తెచ్చినప్పుడల్లా ఎవరు కనిపిస్తే వాళ్ళకి చెప్పేది. "మా ఇంట్లో విడిభాగాలు మార్చకుండా నడుస్తున్నది ఈయనొక్కడేనమ్మా. అదే నా ఖర్మ."

ఆ మాట ఎక్కువసార్లు విన్నది భువనేశ్వరి. రేపల్లెలో పున్నారావు ప్రెస్సులో ఆమె ఇరవై రెండేళ్ళుగా ఆపరేటరు. రేపల్లెలో ఎవరికి పెళ్ళయినా, ఎవరి పదోరోజయినా, ముందు ఆమె వేళ్ళ మీంచి పోవాల్సిందే. ప్రెస్సు కంప్యూటర్ చెడిపోయినప్పుడల్లా పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుని, దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెనాలి తీసుకొచ్చేది. అలా పదమూడు సార్లు తెచ్చింది. పదమూడు సార్లూ తిట్లు తింది. "నువ్వు కొట్టేది కీబోర్డునా, రోట్లో పచ్చడినా?" అని ఒకసారి. "దీని ఫ్యాన్లో ఇంత దుమ్ముంది, మీ ప్రెస్సులో పుస్తకాలు వేస్తారా, పిండి ఆడతారా?" అని ఇంకోసారి. పదమూడు సార్లూ కంప్యూటర్ తనే నడిచి వచ్చేంత బాగై వెనక్కి వచ్చింది.

పద్నాలుగోసారి మాత్రం అది మాఘమాసం ముహూర్తాల మధ్య, సగం కొట్టిన శుభలేఖ మీద, టప్పుమని ఆరిపోయింది.

పున్నారావు వచ్చి చూశాడు. ఆయనకి కొత్తదనమంటే మహా ఇష్టం, పక్కన నలుగురు చూస్తున్నప్పుడు మరీనూ. "ఇంక చాల్లేమ్మా, కొత్తది కొనేద్దాం" అన్నాడు.

"కొత్తదాంట్లో మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కదట కదండీ. నా వేళ్ళకి ఆ కీబోర్డే..."

"అదీ ఆలోచించాను. మా తోడల్లుడి కూతురు సాయి ప్రియ ఉందిగా, ఫోన్లో కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్తోనే తెలుగు కొట్టేస్తుంది. ఆ పిల్లని కూర్చోబెడదాం. నువ్వు హాయిగా కౌంటర్లో కూర్చుని కవర్లు మడతపెట్టుకో."

మిషనుతో పాటు మనిషి కూడా మారుతుందన్న సంగతి ఆయన టిఫినేం తిన్నాడో చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. భువనేశ్వరి తన కుర్చీ వైపు చూసుకుంది. దాని మెత్త మీద ఇరవై రెండేళ్ళ గుంట ఉంది.

"ఖాదర్ గారు బాగవుతుందంటే?"

"అంటే ఉంచుదాం. నువ్వూ నీ కుర్చీ అలాగే ఉంటారు. ఆయన పోయిందంటే మాత్రం నన్నేం అనకూడదు."

"ఆయన అనరండి" అంది భువనేశ్వరి. తెనాలి దారి పొడుగునా ఆమెకి ఒక్క క్షణం కూడా భయం వేయలేదు. ఈసారి పున్నారావు కూడా వెంట వచ్చాడు. ఆయన భయం ఆయనది, బాగవుతుందేమోనని.

బ్లోయరు ఆగింది. "ఛీ" పడింది.

"ఎవరినండీ?" అన్నాడు పున్నారావు.

"ఇద్దర్నీ."

ఖాదర్ గారు మూత తీశారు. బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. పక్క నుంచి ఏవో వైర్లు కలిపారు. తెర గొణుక్కుంటూ వెలిగింది.

"పది నిమిషాలు ఉంటుంది. కొట్టమ్మాయ్."

"ఏం కొట్టమంటారు బాబాయ్?"

"నోటికొచ్చింది నేను చూసుకుంటా. చేతికొచ్చింది నువ్వు కొట్టు."

ఆమె కొట్టింది. బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి మా ఆతిథ్యం స్వీకరించి వధూవరులను. ఆ కీబోర్డు మీద అక్షరాలన్నీ ఏనాడో అరిగిపోయాయి. మీటలు నున్నగా, ఏటి గులకరాళ్ళలా ఉన్నాయి. నాట్లు వేసే చేతుల్లా ఆమె చేతులు దేన్నీ చూడకుండా ముందుకి పోతున్నాయి. ఖాదర్ గారు తెర వైపు ఒక్కసారైనా చూడలేదు. నుదుటి మీది కళ్ళజోడు కూడా కిందికి దించుకుని ఆ చేతుల్నే చూశారు.

"ఇది బాగవకపోతే ఏం చేద్దామనుకుంటున్నావ్ పున్నారావ్?"

పున్నారావు ఉత్సాహంగా అంతా చెప్పాడు. సాయి ప్రియ, ఇంగ్లీషు అక్షరాలు, కౌంటరు, కవర్లు.

ఖాదర్ గారు స్విచ్చి ఆపేశారు.

"పోయింది. కొత్తది కొను."

భువనేశ్వరికి ముందు తన చెవుల మీద అనుమానం వచ్చింది, తర్వాత ఆయన ఆరోగ్యం మీద.

"బాబాయ్! పదమూడు సార్లు బాగుచేశారు కదండీ!"

"అందుకే పోయింది. దానికీ ఓ హద్దుండదూ?"

"అదీ మాటంటే!" అన్నాడు పున్నారావు.

"నువ్వు సంతోషపడకు, చూడ్డానికి బాగోదు. రేపు కొత్తది కొని ఇక్కడికే తే. మీ పాత పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ దీంట్లోంచి దాంట్లోకి ఎక్కించాలి. ఏది ఎక్కడుందో ఈ అమ్మాయికే తెలుసు. ఈవిణ్ణి పంపిస్తే చేస్తా, లేకపోతే ఆ డబ్బా తీసుకుపోయి మీ ప్రెస్సు ముందు మొక్కలు పెట్టుకో."

తిరుగు బండిలో మొదటిసారి ఆమె ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురుగా పున్నారావు ఫోన్లో సాయి ప్రియకి శుభవార్త చెబుతున్నాడు. భట్టిప్రోలు దగ్గర కాలవ మీద ఎండ తునకలుగా విరిగి మెరుస్తోంది. ఊరందరివీ బాగుచేసిన మనిషికి నాది ఒక్కటే పోయినట్టు కనిపించిందా, అనుకుంది. ఆయన ముఖం మళ్ళీ చూడకూడదనుకుంది. తీరా తెల్లారాక, తను కొట్టిన పెళ్ళిళ్ళన్నీ ఎవరో కెలుకుతారన్న బెంగతో మొదటి బండే ఎక్కింది.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఖాదర్ గారు సిద్ధంగా ఉన్నారు. పున్నారావు కొత్త పెట్టె దించి, ఏదో పని ఉందని బజార్లోకి వెళ్ళాడు.

"'ళ' ఏ మీట?" అన్నారు ఖాదర్ గారు.

"తెలీదండి."

"ఇరవై రెండేళ్ళ నుంచి కొడుతున్నావు, తెలీదా?"

"నాకు తెలీదు. వేలికి తెలుసు."

"ఛీ. అయితే వేలినే అడుగు."

ఆమె కళ్ళు మూసుకుని 'పెళ్ళి' అని కొట్టింది. వేలు వాలిన మీట చూసి ఆయన కాగితం మీద రాసుకున్నారు. కొత్తదాంట్లోనూ అదే మీట వెతికి ఏదో నొక్కారు. 'ఞ' కోసం ఎవరి జ్ఞాపకార్థమో అన్నదానం పెట్టించాల్సి వచ్చింది. 'ఠ' కోసం కంఠంనేని వారి గృహప్రవేశం చేశారు. 'ఢ' ఆషాఢం డిస్కౌంట్ల కరపత్రంలో దొరికింది. 'ఝ' దగ్గర వేలు కాసేపు గాల్లో తిరిగి, ఝాన్సీలక్ష్మి ఓణీల ఫంక్షన్ గుర్తొచ్చి వాలింది.

"'ఙ'?"

"అదెప్పుడూ కొట్టలేదండి."

"రేపల్లెలో ఎవరికీ అవసరం పడలేదా?"

"పుట్టినవాళ్ళకీ పడలేదు, పోయినవాళ్ళకీ పడలేదు."

ఖాదర్ గారి గడ్డంలో ఏదో కదిలింది. నవ్వయి ఉండొచ్చు. ఆమె మాత్రం ఇక ఉండబట్టలేకపోయింది. "ఇదంతా ఎవరి కోసం బాబాయ్? ఆ సాయి ప్రియ ఇంగ్లీషు అక్షరాల్తో కొడుతుందిట కదా. నా వేళ్ళ లెక్క ఆ పిల్లకెందుకు?"

"నోరు తగ్గించి వేళ్ళాడించు. వత్తులు మిగిలాయి."

మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చాక ఆయన కొత్త కీబోర్డు ఆమె ముందుకి తోశారు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు కొత్త పళ్ళలా తళతళలాడుతున్నాయి.

"కొట్టు."

"ఇది నాకు రాదండి."

"నిన్నెవరడిగారు? వేళ్ళకి వచ్చేమో చూడు."

కళ్ళు మూసుకుంది. బంధుమిత్ర సపరివార సమేతంగా. కళ్ళు తెరిస్తే తెర మీద ఒక్క అక్షరం తప్పు లేకుండా నిలబడి ఉంది. ఆమె వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ తీసి మీటల మీద పెట్టింది.

"పాతదాన్ని బాగుచెయ్యడం నాకు గంట పని" అన్నారు ఖాదర్ గారు, స్క్రూలు ఏరుకుంటూ. "ఆరు నెలలు నడుస్తుంది. ఆరు నెలలకి అది మళ్ళీ చస్తుంది, పున్నారావు మళ్ళీ ఇదే పాట పాడతాడు. అప్పుడు దీన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ బండెక్కుతావా? ఇంత చెయ్యి పెట్టుకుని ఓ రేకు డబ్బాని పట్టుకు వేలాడేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. ఛీ."

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పున్నారావు, చేతిలో చేత్తో రాసిన రెండు పేజీల శుభలేఖ.

"కొంప మునిగింది! సాయంత్రానికి ప్రూఫు ఇవ్వాలట. పొద్దున్నే సాయి ప్రియకి ఫోన్లో పంపాను. ఇప్పటికి పెళ్ళికూతురి తాతగారి దాకా వచ్చింది."

భువనేశ్వరి ఆ కాగితాలు తీసుకుంది. నూర్ బీ తెచ్చిన టీ మీద ఇంకా ఆవిరి ఆడుతుండగానే రెండు పేజీలూ అయిపోయాయి, మేనత్తల పేర్లతో సహా.

పున్నారావు తెర దగ్గరికి వంగాడు. "కొత్తదాంట్లోనే కొట్టావా?"

"కాదు, తిరగలి మీద" అన్నారు ఖాదర్ గారు.

"మరి సాయి ప్రియని రమ్మన్నానే..."

"ఆ పిల్లని కాలేజీకి పంపమను. కొట్టాలంటే ఆ పిల్ల పద్ధతి కూడా ఇందులో ఉంది, ఎప్పుడైనా వచ్చి ఈ అమ్మాయి దగ్గర నేర్చుకోమను. కౌంటర్లో కవర్లకి మనిషి కావాలన్నావు కదా? నీ చేతులు రెండూ ఖాళీగానే కనపడుతున్నాయి."

పున్నారావు చేతులు చూసుకున్నాడు. ఆ శుభలేఖ ఇంకోసారి చదివాడు. "కుర్చీ కూడా మార్పించమంటావా భువనేశ్వరీ?" అన్నాడు కాస్త నెమ్మదిగా.

"వద్దండి. అదే ఉంచండి."

పున్నారావు పెట్టె భుజాన పెట్టుకుని దిగిపోయాడు. భువనేశ్వరి గుమ్మం దగ్గర ఆగింది. కొంగు వేలికి చుట్టింది, విప్పింది.

"ఇరవై ఏడేళ్ళలో ఎవరికీ చెప్పని మాట నా కోసం చెప్పారు బాబాయ్."

ఖాదర్ గారు పాత కంప్యూటర్‌ని దగ్గరికి లాక్కున్నారు. ఉబ్బిన కెపాసిటర్లని ఒక్కొక్కటే తడిమి చూస్తున్నారు. తల ఎత్తలేదు.

"నీ కోసమా? నీ మొహం. పో, బండి పోతుంది. ఇదిగో, నేను కొత్తది కొనమన్నానని తెనాల్లో ఒక్కరితో అన్నావని తెలిసిందా, నీ కీబోర్డులోంచి 'శ' పీకేస్తా. ఆ తర్వాత రేపల్లెలో ఒక్క శుభకార్యం ఎలా జరుగుతుందో చూస్తా."