లేని కుక్కను ఆఫీసుకు తీసుకెళ్ళిన శుక్రవారం

వెనకటికెవడో కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదబోయాడట. మా అనంతపురం వైపు గోదావరి లేదు. పెన్న ఉంది గానీ అందులో నీళ్ళుండవు. అయినా నేను మునిగాను. అదీ పట్టపగలు, ఇన్‌షర్టు వేసుకుని, పైఅధికారుల సమక్షంలో. ఎలా మునిగానో చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆరోజు సగం ఊరు నవ్వింది, మీరొక్కరు మొహమాటపడి ఆగితే నాకు ఒరిగేదేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి అనంతపురంలో డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీ బ్రాంచిలో చేరాను. ఆరు నెలలు నన్ను చూస్తారు. నచ్చితే పర్మినెంటు చేస్తారు, లేకపోతే మళ్ళీ కంబదూరు బస్సే. ఊళ్ళో వరసగా మూడేళ్ళు చెనక్కాయ పంట ఎండిపోయి ఉంది. నాయన రోజూ ఫోను చేసి, "తిన్యావా?" అనడానికి ముందే "పర్మినెంటు అయినాదా?" అని అడిగేవాడు. ఆ ఉద్యోగం నిలబడడం నాకెంత అవసరమో దీన్నిబట్టి మీకు తెలిసే ఉంటుంది.

అసలు తప్పు ఇంటర్వ్యూ రోజే జరిగింది. నన్ను ఇంటర్వ్యూ చేసింది బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చిన శ్రీలత మేడమ్. ఆమె లాప్‌టాప్ తెర మీద దూదిపింజెలాంటి తెల్ల కుక్కపిల్ల ఫొటో ఉంది. నేను దానివంక చూడడం గమనించి, "కుక్కలంటే ఇష్టమా?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే కుక్కంటే నాకు చచ్చేంత భయం. ఏడేళ్ళప్పుడు ఒకటి కరిచింది. ఎక్కడ కరిచిందో చెప్పను. నెలరోజులు కూర్చోలేకపోయానని మాత్రం చెబుతాను. అలాంటి నేను ఏమన్నానో వినండి.

"ప్రాణం మేడమ్. మాకూ ఒకటుంది. పేరు రాకీ. నా మంచం కిందే పడుకుంటుంది. నేను పెడితే తప్ప అన్నం ముట్టదు."

మేడమ్ కళ్ళు మెరిశాయి. ఉద్యోగం వచ్చింది. ఊపిరి పోసుకున్న రాకీ ఐదు నెలలు నా నోట్లోనే హాయిగా బతికింది.

ఐదో నెలలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మా బ్రాంచి మేనేజరు రామాంజనేయులు సార్ దాన్ని అందరి ముందూ చదివాడు. ఉద్యోగులు ఇకమీదట శుక్రవారాల్లో తమ పెంపుడు కుక్కల్ని ఆఫీసుకు తెచ్చుకోవచ్చట. మనసు తేలికపడి పని బాగా సాగుతుందట. ముందు కొన్ని బ్రాంచీల్లో చూసి, ఆ తర్వాత నిర్ణయిస్తారట.

మా స్టోర్సు చూసే మస్తానన్న లేచాడు. పైపుల బండి నడిపేదీ ఆయనే.

"ఏమి సార్ ఇది? మనకే ఫ్యాను కింద తావు లేదు, కుక్కల్ని యాడ కూచోబెడతారు?"

"మన వరండాలో నాలుగు ఉండానే ఉండాయి కదప్పా," అన్నాడు సార్. "వాటినెవురన్నా పర్మిషన్ అడిగినారా?"

"అవి ఈది కుక్కలు సార్. పని జూసుకుని పోతాయి. ఇవి దొరసానుల కుక్కలు."

"మనలో కుక్కను సాకేది ఎవురుండారులే. కాగితం ఫైల్లో పెట్టు," అని సార్ తేల్చేశాడు. అందరం నవ్వుకున్నాం. నా నవ్వు సాయంత్రం వరకే. మేడమ్ నుంచి ఫోను వచ్చింది.

"ఓబులేసూ, అనంతపురం బ్రాంచిలో కుక్క ఉన్నది నీకొక్కడికే అనుకుంటా. వచ్చే శుక్రవారం నేనే వస్తున్నా. మా కుక్కపిల్ల జున్నును తెస్తా, నువ్వు రాకీని తీసుకురా. నీ పర్మినెంటు కాగితాలు కూడా అప్పుడే చూసేద్దాం."

బుద్ధున్నవాడైతే అక్కడే నిజం చెప్పేసేవాడు. కనీసం రాకీకి జ్వరమనో, పోయిందనో చెప్పేవాడు. నేను మాత్రం "రాకీ కూడా మిమ్మల్ని చూడాలంటోంది మేడమ్" అన్నాను.

కుక్కను ఎక్కడ తేవాలి? వీధి కుక్కలకు నా భయం సంగతి ముందే తెలుసు. నన్ను చూస్తే చాలు, సందు చివరిదాకా తరిమి సాగనంపుతాయి. చివరికి మా మారెన్న మామ గుర్తొచ్చాడు. అమ్మకు తమ్ముడు, కంబదూరు దగ్గర గొర్రెలు మేపుతాడు. వాటిని జీవాలంటాడు. మంద కాపలాకు ఆయన దగ్గర కరియ అని నల్లటి కుక్క ఉంది. తోడేలును తరిమిన కుక్క అని చుట్టుపక్కల దానికి పేరు.

శుక్రవారం తెల్లారగానే మస్తానన్న అటువైపు పైపులు దించడానికి పోతుంటే నేనూ బండెక్కాను. మామ చేలో మంద దగ్గరే ఉన్నాడు.

"ఒక పగటికే అల్లుడా," అన్నాడు మామ. "సాయంత్రానికి తెచ్చి ఇడ్సాల. జీవాలు బెంగెట్టుకుంటాయి."

"అట్నే మామా. అది నా మాట వింటాదా?"

"నువ్వెవురో దానికేం తెలుసు? దానికి నా కంబళి తెలుసు. ఇది తీసుకపో. కంబళి ఎట్ల పోతే అదీ అట్లే వస్తాది. యాడ పరిస్తే ఆడే పండుకుంటాది. నేను బువ్వకి పోయేటప్పుడు మంద కాడ ఇది పరిచి పోతా. తిరిగొచ్చేదాంకా ఒక్క జీవాన్ని పక్కకి పోనీదు. అందుకే చెప్తాండా, పదిమంది ఉండే తావున పరచాకు. యాడన్నా మూలన పరిచి గమ్మునుండు."

నేను "ఆడే పండుకుంటాది" దగ్గరే వినడం ఆపేశాను. కుక్కను ముట్టుకోకుండానే వెంట తిప్పుకోవచ్చు! నా తెలివికి నేనే మురిసిపోయాను. మామ కరియను బండి వెనక తొట్టిలో ఎక్కించాడు. నేను ముందు మస్తానన్న పక్కన కూర్చుని, అద్దాలు పూర్తిగా పైకెత్తుకున్నాను.

ఆఫీసుకు చేరాక కంబళి భుజాన వేసుకుని నడిచాను. కరియ పెళ్ళికొడుకు వెంట తోడిపెళ్ళికొడుకులా నా వెనకే వచ్చింది. మీటింగు గది గుమ్మానికి లోపలి పక్క, అడ్డంగా, అందంగా కంబళి పరిచాను.

"మీ మామ మూలన అన్యాడు కదప్పా?" అన్నాడు మస్తానన్న.

"మూలన పరిస్తే ఎవురు జూస్తారన్నా?"

పది గంటలకు మేడమ్ వచ్చింది. చంకలో జున్ను. మేడమ్ కంబళి దాటి లోపలికి వచ్చింది, కరియ ఏమీ అనలేదు. "ఎంత పెద్దమనిషి తరహా!" అంది మేడమ్. నేను ఛాతీ విరిచి, "రాకీ, సిట్!" అన్నాను. అది అప్పటికే పడుకుని ఉంది కాబట్టి నా మాట విన్నట్టే అయింది. మీటింగు మొదలైంది. గదిలో మొత్తం పదకొండు మందిమి.

కాసేపటికి జున్ను మేడమ్ ఒళ్ళోంచి దిగి, గునగునా కరియ దగ్గరికి పోయింది. తెల్లటి బొచ్చు, మూరెడు ఒళ్ళు, సన్నటి గొంతు. కరియ దాన్ని తల నుంచి తోకదాకా వాసన చూసి, నాలుకతో శుభ్రంగా నాకి, ముందుకాళ్ళ మధ్యకు లాక్కుంది.

"అయ్యో, ఎంత ముద్దొస్తున్నారో! మీ రాకీకి పిల్లలంటే ఇంత ప్రేమా?" అంది మేడమ్.

"నా పెంపకం మేడమ్," అన్నాను.

అది జున్నును గొర్రెపిల్ల అనుకుంటోందని నాకు తట్టనే లేదు. మేడమ్ వంగి పిల్లను ఎత్తుకోబోయింది. కరియ పళ్ళు చూపించింది. మేడమ్ చెయ్యి వెనక్కి తీసుకుంది. మొరిగే కుక్క కరవదంటారు. కరియ మొరగలేదు.

ఇంతలో రామాంజనేయులు సార్ లేచాడు. షుగరున్న మనిషి, గంటకోసారి బయటికి పోవాలి. గుమ్మం దాకా వెళ్ళాడో లేదో, కరియ లేచి ఎదురుగా నిలబడింది. ఆయన కుడికి జరిగితే అదీ జరిగింది, ఎడమకు జరిగితే అదీ జరిగింది. ఆ తర్వాత తలతో ఆయన మోకాళ్ళను నెట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూలేసింది. పక్కకు పోయిన జీవాన్ని మందలోకి తోలి, మళ్ళీ కంబళి మీద పడుకుంది.

"ఓబులేసూ, నీ కుక్కని పిలువప్పా. నాకు అర్జెంటు."

"రాకీ! రాకీ! కమ్!"

చెవి కూడా కదపలేదు. టీ అంగడి నాగమ్మ గ్లాసులతో లోపలికైతే వచ్చింది, తిరిగి పోలేకపోయింది. పన్నెండో జీవం. "నా పొయ్యి మింద పాలుండాయి సామీ!" అని ఆమె గోల. గట్టిగా మందలించాలని నేను ఒక అడుగు ముందుకు వేశాను. కరియ ఊరికే నావైపు తల తిప్పింది. తర్వాత ఏం జరిగిందో నాకు గుర్తులేదు. తేరుకునేసరికి మీటింగు టేబుల్ మీద, ఫైళ్ళ మధ్య నిలబడి ఉన్నాను.

మేడమ్ తలెత్తి నన్ను చూసింది.

"మంచం కింద పడుకుంటుందన్నావు?"

"ఈరోజు మూడ్ బాగాలేదు మేడమ్."

టేబుల్ దిగకుండానే మామకు ఫోను చేశాను. నాలుగోసారికి దొరికాడు. "స్పీకర్ పెట్టు," అంది మేడమ్. పెట్టక చస్తానా?

"మామా, రాకీ మమ్మల్ని బయటికి పోనీడం లేదు."

"రాకీ ఎవుడ్రా?"

"అదే మామా... మన కుక్క."

"కరియనా? దానికి ఆ పేరు ఎవుడు పెట్టినాడు? సరే, నా కుక్కని ఏం జేసినావు? యాడ పరిచినావు కంబళి?"

"గుమ్మం కాడ."

"మూలన పరుచురా అంటే గుమ్మం కాడ పరిచినావా? ఇంగ మీరంతా దాని మందే. పక్కన ఎవురన్నా ఉంటే వినండి సామీ, మావోడికి కుక్కలంటే బయం. చిన్నప్పుడు కుక్క అరిస్తే యాపచెట్టెక్కి రెండు పూటలు దిగలేదు. వాని చేతికి కుక్కనిచ్చిన నాదీ తప్పే."

టేబుల్ మీద నిలబడి ఆ మాటలు విన్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. నాయనకు ఏం చెప్పాలో తెలియక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ మాత్రం ఉపాయం చెప్పాడు.

"మంద లేస్తే అది లేస్తాది. కంబళి బుజానేసుకుని నువ్వు ముందు నడువు. యెనకమాల అందరూ గుంపుగా రాండి. విడివిడిగా పోతే ఊరుకోదు. కంబళి బండిలో వేస్తే అదే ఎక్కుతాది."

బండేమో మా సందులో పట్టదని మెయిన్ రోడ్డు మీద ఆపి ఉంది. అలా బయలుదేరాం. ముందు కంబళితో నేను. వెనక మేడమ్, మేనేజరు, గ్లాసులతో నాగమ్మ, మిగతా స్టాఫు, ఒకరినొకరు రాసుకుంటూ. జున్నును నోట కరుచుకుని, అందరి వెనకా కరియ. సార్ మధ్యలో ఒక ప్రహరీ గోడవైపు ఆశగా తిరిగాడు గానీ, కరియ వచ్చి పిక్క మీద ముక్కు ఆనించగానే మళ్ళీ గుంపులో కలిశాడు. రోడ్డు మీద ఎవరో స్కూటర్ ఆపి అడిగారు.

"ఏమన్నా, ధర్నానా? జీతాలు ఈలేదా?"

"లేదప్పా, మేతకి పోతాండాం," అన్నాడు మస్తానన్న.

కంబళి తొట్టిలో వేయగానే కరియ జున్నుతో సహా ఎగిరి ఎక్కింది. దించుదామని చెయ్యి పెట్టిన మేడమ్‌కు మళ్ళీ పళ్ళు కనిపించాయి. ఇక మందకు చేరిస్తే తప్ప అది పిల్లను వదలదు. మేడమ్ ముందు సీట్లో కూర్చుని వెనక్కి వేలు చూపించింది.

"ఓబులేసూ, నా జున్నుకు ఏమీ కాకుండా చూసుకో. ఎక్కు."

కంబదూరు దాకా ఆ తొట్టిలో, కరియకు ఎదురుగా కూర్చున్నాను. మొక్కడానికి నాకు తెలిసిన దేవుళ్ళందరూ దారిలో కళ్యాణదుర్గం రాకముందే అయిపోయారు. ఒక గుంతలో బండి ఎగిరినప్పుడు జున్ను జారి అంచు దాకా దొర్లింది. భయం మరిచి రెండు చేతులా పట్టేసుకున్నాను. కరియ లేచి వచ్చింది. అయిపోయాననుకున్నాను. అది నా చేతులు వాసన చూసి, గడ్డం నా మోకాలి మీద పెట్టి పడుకుంది. ఆ క్షణం నాకు నిజంగా ఏడుపొచ్చింది. మేడమ్ వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది.

మంద దగ్గరికి చేరగానే కరియ జున్నును గొర్రెపిల్లల మధ్య దించి, మామ కాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. మేడమ్ జున్నును ఎత్తుకుని ముద్దులాడి, నావైపు తిరిగింది. నేను అన్నీ ఒప్పేసుకున్నాను. లేని రాకీ, ఉన్న భయం, ఎండిన చెనక్కాయ, నాయన ఫోన్లు, ఏదీ దాచలేదు.

"అబద్ధానికి నిన్ను తీసేయాలి," అంది మేడమ్. "కానీ అంత భయంలోనూ నా పిల్లను వదల్లేదు. పర్మినెంటు చేస్తున్నా."

నేను ఆమె కాళ్ళమీద పడబోయాను.

"ఆగు. శుక్రవారాలు కుక్కలు రావచ్చనే పైవాళ్ళకు రాస్తున్నా. వచ్చిన వాటిని చూసుకోవడానికి బ్రాంచికి ఒక బాధ్యుడు కావాలట. అక్కడ నీ పేరే రాస్తున్నా."

కాబట్టి అయ్యలారా అమ్మలారా, ప్రస్తుతం నేను పర్మినెంటు ఉద్యోగిని. ఆ శుక్రవారం ముచ్చట చూశాక మా స్టాఫులో సగంమంది కుక్కల్ని సాకడం మొదలుపెట్టారు. శుక్రవారం వస్తే రెండు చేతులకూ గొలుసులు చుట్టుకుని, వాటిని నేను నడిపిస్తున్నానో అవి నన్ను ఈడుస్తున్నాయో తెలియకుండా ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాను. కుక్కలు రావచ్చా వద్దా అని నా అభిప్రాయం మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేసేదేమంటే, ఇకమీదట ఏ మేడమ్ ఏది అడిగినా లేనిదాన్ని ఉందని చెప్పను, దానికి పేరసలే పెట్టను. ఇది నా పర్మినెంటు ఆర్డరు మీద ఒట్టు. మొన్న మాత్రం కొత్తగా వచ్చిన పెద్దసార్ "ఈత వచ్చా?" అని అడిగితే, పెన్న ఎటూ ఎండే ఉంది కదా అని, కొంచెం వచ్చన్నాను.